చూసి జరగడమా, జరిగి చూడడమా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వానంలో నా ప్రసంగ విషయం "సి భాషలో పాయింటర్లు" అని వేశారు. మొన్న మెయిన్ రోడ్డులో ఒక మిత్రుడు ఆపి, "షుగరు పాయింట్లు పెరగడం గురించా మాస్టారూ" అని అడిగారు. అది కాదండీ. ఇది కంప్యూటరు భాష గురించి. భోజనాల ముందు ఈ గొడవ మనకెందుకని మీరనుకోవచ్చు. కారణం ఉంది.

గత నవంబరులో సంఘం తరఫున లైఫ్ సర్టిఫికెట్ గుర్తుచేస్తూ ఇంటింటికీ చీటీలు పంచాం. అందులో ఒక పొరపాటు జరిగిందని మీలో చాలామందికి తెలుసు. ఎలా జరిగిందన్నది మాత్రం సరిగా తెలియదు. ప్రింటరు తప్పని కొందరన్నారు. పంచిన కుర్రాడి తప్పని కొందరన్నారు. ఆ కుర్రాడు పాపం నన్ను చూస్తే ఇప్పటికీ తల దించుకుంటున్నాడు. అతని తప్పు లేదు, ప్రింటరు తప్పూ లేదు. తప్పు నాది. ఒక అక్షరానికి వెనక పెట్టాల్సిన రెండు ప్లస్ గుర్తులు ముందు పెట్టాను. అంతే. ఆ "అంతే" అంటే ఏమిటో నలుగురి ముందూ చెప్పుకోవాలని కార్యదర్శిగారిని నేనే అడిగి ఈ అరగంట తీసుకున్నాను.

నేను 1974లో పోస్ట్‌మ్యాన్‌గా చేరాను. మొదటి బీటు గవరపాలెం. నన్ను పది రోజులు వెంట తిప్పి బీటు నేర్పిన పెద్దాయన మీ అందరికీ తెలిసినవారే. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పను. ఆయన నాకు చెప్పిన మొదటి మాట, "చదివి అడుగెయ్యి, అడుగేసి చదవకు" అని. అంటే గుమ్మం ముందు నిలబడి, చేతిలో పైనున్న ఉత్తరం చదివి, ఇచ్చి, అప్పుడు కదలమని. నడుస్తూ చదివేవాడు ఒక ఇల్లు దాటిపోతాడు. ఆ మాటకు యాభై ఏళ్ల తరవాత మళ్లీ వద్దాం.

నేను చేరేటప్పటికి పిన్‌కోడ్ వచ్చి రెండేళ్లు. 1972 ఆగస్టు 15న దాన్ని ప్రవేశపెట్టారు. మన అనకాపల్లి 531001 అయింది. "ఊరి పేరు రాస్తే చాలదా, ఈ అంకెలేటి" అని జనం విసుక్కునేవారు. ఆ 1972 ప్రాంతంలోనే అమెరికాలో, న్యూజెర్సీలోని బెల్ లాబొరేటరీస్‌లో, డెనిస్ రిచీ అనే ఆయన "సి" అనే భాషకు ఒక రూపం తెచ్చారు. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. కానీ ముప్పై ఎనిమిదేళ్లు అడ్రసులు చదివి బతికిన మనిషికి ఆ భాషలో అందరూ భయపడే భాగం చప్పున ఎందుకు అర్థమైందో చెప్పడానికి ఇది పనికొస్తుంది. ఆ భాగం కూడా అడ్రసుల సంగతే.

దీంట్లోకి నన్ను లాగింది మా మనవరాలు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సంక్రాంతి సెలవులకు వచ్చి, పండగ పూట మూల కూర్చుంది. "తాతా, ఈ పాయింటర్లు నా బుర్రకెక్కట్లేదు, నేను బ్రాంచి మార్చేసుకుంటాను" అంది. వాళ్ల నాన్నకు కోపం. తొంభైల చివర హైదరాబాదు అమీర్‌పేటలో గదికి ఆరుగురు ఉండి సి నేర్చుకున్నవాడు వాడు. "మేము నేర్చుకోలేదా" అని మొదలుపెట్టాడు. నేర్చుకున్నవాడికి నేర్పడం రావాలని ఎక్కడా లేదు కదా. "ఏటమ్మా అది, ఇలా చూపించు" అని పుస్తకం నేను తీసుకున్నాను. కౌంటర్లో మేఘదూత్ మీద పనిచేసిన అనుభవం తప్ప కంప్యూటరు గురించి నాకు వేరే తెలివి లేదు. కానీ ఆ పేజీ చదివితే నాకు గవరపాలెం కనిపించింది.

ఎలాగంటే, కంప్యూటరు జ్ఞాపకశక్తి ఒక పొడుగాటి వీధి. అందులో జానెడు జానెడుకీ ఒక నంబరు ఉంటుంది. ఆ జానెడును బైట్ అంటారు. మనం దాచుకునే ప్రతి సంగతీ, వయసు గానీ పేరు గానీ పెన్షను మొత్తం గానీ, ఆ వీధిలో ఒక ఇంట్లో ఉంటుంది. పాయింటరంటే ఒక ఇంటి నంబరు రాసి ఉన్న చీటీ. అంతకంటే ఏమీ లేదు. ఆ చీటీకి "పి" అని పేరు పెడదాం. వట్టి "పి" అంటే చీటీ మీద రాసిన నంబరు. దాని ముందు చుక్క గుర్తు పెట్టి "*పి" అంటే, ఆ నంబరు ఇంటికి వెళ్లి తలుపు తీసి లోపల ఏముందో చూడమని.

చీటీ వేరు, ఇల్లు వేరు, ఇంట్లో ఉన్న మనిషి వేరు. మనకు ఇది కొత్తా? అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే ఇంట్లో మనిషి మారతాడు, నంబరు మారదు. రీడైరెక్షన్ రాసిచ్చి వెళ్తే మనం వెళ్లే ఇల్లు మారుతుంది, మనిషి మారడు. పిల్లలు తికమక పడేదల్లా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే.

ఇక లెక్కల భాగం. చీటీ మీద 1000 అని ఉందనుకోండి. దానికి ఒకటి కలిపితే ఎంత? మా మనవరాలు 1001 అంది. ఎవరైనా అలాగే అంటారు. కంప్యూటరు 1004 అంది. పిల్ల ఏడ్చింది ఇక్కడే.

నేను అడిగాను, "అమ్మలూ, నూకాలమ్మ గుడి దగ్గర ఒక ఇంటి ముందు నిలబడ్డాను. పక్కింటికి వెళ్లమన్నారు. ఎంత దూరం జరగాలి?" అని. "ఇల్లు ఎంత వెడల్పుంటే అంత" అంది. అదే జవాబు. పాయింటరుకు ఒకటి కలపడమంటే ఒక జానెడు జరగమని కాదు, ఒక ఇల్లు జరగమని. పూర్ణాంకాలు ఉన్న వీధిలో ఇల్లు నాలుగు బైట్ల వెడల్పు, అందుకని 1000 తరవాత 1004. అక్షరాల వీధిలో ఇల్లు ఒక్క బైటే, అక్కడ 1001 సరైనదే. వాళ్ల నాన్న నేర్చుకున్న రోజుల్లో, టర్బో సి నీలం తెర మీద, పూర్ణాంకం రెండే బైట్లు. వాడి నోట్సులో 1002 అని ఉంది. తండ్రీ కూతుళ్లు ఆ రాత్రి వాదించుకున్నది దీని మీదే. ఇద్దరూ రైటే. వీధి ఒకటే, కట్టుబడులు మారాయి.

ఈ ఏర్పాటు ఎందుకొచ్చిందో చదివితే నాకు ముచ్చటేసింది. సి భాషకు ముందు బెల్ లాబొరేటరీస్‌లోనే కెన్ థాంప్సన్ చేసిన "బి" అనే భాష ఉండేది. అందులో ఇళ్లన్నీ ఒకే కొలత. ఒకటి కలిపితే పక్క ఇల్లే. తరవాత పీడీపీ-11 అనే యంత్రం వచ్చింది. అందులో నంబర్లు బైటు బైటుకీ ఉన్నాయి. అంటే అగ్గిపెట్టెంత గదికీ నంబరే, మేడకూ నంబరే. ఇప్పుడు "పక్క ఇల్లు" అంటే ఎంత జరగాలి? ఏ చీటీ ఏ రకం ఇంటిదో ముందే చెబితే తప్ప యంత్రానికి తెలియదు. సి భాషలో ప్రతిదానికీ రకం చెప్పి తీరాలన్న నియమం రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. చాదస్తంతో పెట్టినది కాదు.

తీసివేత కూడా ఇలాగే. ఒకే వరసలో ఉన్న రెండు ఇళ్ల చీటీలు పట్టుకుని ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే మధ్య ఎన్ని ఇళ్లున్నాయో వస్తుంది, ఎన్ని బైట్లో కాదు. కూడికకు మాత్రం ఒప్పుకోదు. నిజమే, 12వ నంబరు ఇంటినీ 30వ నంబరు ఇంటినీ కూడితే ఏ ఇల్లు? ఉత్తరం ఎవరికివ్వాలి? అలాగే వరస సున్నాతో మొదలవుతుంది. ఇది కూడా పిల్లల్ని ఏడిపిస్తుంది. వీధి మొదట్లో నిలబడ్డవాడు మొదటి ఇంటికి ఎన్ని ఇళ్లు దాటాలి? సున్నా. ఆ సున్నా అదే. డోరు నంబరు కాదది, దాటాల్సిన ఇళ్ల లెక్క.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. రెండు ప్లస్ గుర్తులు. సి భాషలో "++" అంటే ఒకటి పెంచు అని. పేరుకు ముందూ పెట్టవచ్చు, వెనకా పెట్టవచ్చు. ముందు పెడితే పెంచి ఆ పెరిగిన విలువ ఇస్తుంది. వెనక పెడితే పెంచుతుంది గాని, పెరగకముందు ఉన్న విలువ చేతికిస్తుంది. దీనికి చుక్క గుర్తు కూడా తోడైతే ఇంజనీరింగ్ పిల్లలకు చెమటలు పడతాయి. అనకాపల్లి వాళ్లకు పట్టక్కర్లేదు. మనకు బెల్లం మార్కెట్ ఉంది.

సీజనులో యార్డుకు వెళ్లండి. దిమ్మలు రాశులుగా వరసలో ఉంటాయి. కొనే ఆసామి వరస వెంట నడుస్తుంటాడు. ఆయన నిలబడ్డ చోటే మన పాయింటరు. మొదటి రాశి ముందు నిలబడ్డాడు. చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుని, రుచి చూసి, పక్క రాశికి జరిగాడు. చూసి జరిగాడు. ఇది "*పి++". రుచి మొదటి రాశిది, మనిషి ఇప్పుడు రెండో రాశి ముందున్నాడు.

ఇంకో ఆసామి తొందర మనిషి. మొదటి రాశి ముందు నిలబడ్డవాడు చూడకుండా ముందు జరిగి, అప్పుడు గిల్లాడు. జరిగి చూశాడు. ఇది "*++పి". మొదటి రాశి రుచి ఆయనకు తెలియనే తెలియదు. ఇద్దరూ చివరికి రెండో రాశి ముందే ఉన్నారు. దూరం నుంచి చూసేవాడికి తేడా కనపడదు.

మూడో ఆసామి కదలడు. అక్కడే నిలబడి ఆ రాశి మీద పాట పెంచుతాడు. ఇది కుండలీకరణం పెట్టి రాసే "(*పి)++". ఇక్కడ పెరిగింది అడ్రసు కాదు, ఇంట్లో ఉన్నది. కుండలీకరణం మర్చిపోతే ధర పెంచబోయి మనిషి పక్క రాశికి నడిచిపోతాడు.

అంకెల్లో కావాలంటే, మూడు ఇళ్లలో వరసగా 10, 20, 30 ఉన్నాయనుకోండి. చీటీ మొదటి ఇంటిది. "*పి++" అంటే 10 వస్తుంది, చీటీ రెండో ఇంటిదవుతుంది. మళ్లీ మొదటినుంచి "*++పి" అంటే 20 వస్తుంది, చీటీ రెండో ఇంటిదే. మళ్లీ మొదటినుంచి "(*పి)++" అంటే 10 వస్తుంది, చీటీ కదలదు, ఇంట్లో మాత్రం 11 అవుతుంది. మా పిల్ల దీన్ని పళ్లేల్లో అరిసెలు పెట్టి నేర్చుకుంది. రెండు మూడు లెక్కలు అరిసెలు తగ్గిపోవడం వల్ల తప్పాయి.

ఈ "++" కూడా థాంప్సన్‌గారి పుణ్యమే, బి భాషలోనే పెట్టారు. పీడీపీ-11లో అడ్రసు తనంతట తాను పెరిగే సదుపాయం ఉంది కాబట్టి దాన్ని చూసే పెట్టారని ఇప్పటికీ చాలామంది చెబుతారు. నేనూ మొదట అదే నమ్మాను. అది సాధ్యం కాదని రిచీగారే 1993లో రాశారు. బి తయారైనప్పుడు పీడీపీ-11 పుట్టనే లేదు. అంతకుముందున్న పీడీపీ-7లో అలా పెరిగే గదులు కొన్ని ఉండేవట, అవి ఆలోచన పుట్టించి ఉండవచ్చునని, అసలు కారణం మాత్రం బహుశా "++" రాస్తే యంత్రానికి వెళ్లే ఆదేశం పొట్టిగా ఉండటమని ఆయన అభిప్రాయం. టెలిగ్రాముకు మాటకింత అని కట్టిన రోజులు చూసిన మనకు ఆ పొదుపు తెలుసు. రిచీగారు 2011 అక్టోబరులో పోయారు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకుని ముందుకెళ్తాను. మా పిల్లకు పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చారు. ఏ కాలేజీ అన్నది అనవసరం, ఈ ప్రశ్న అన్నిచోట్లా తిరుగుతూనే ఉంది. "ఐ" విలువ 5 అయితే "++ఐ + ఐ++" ఎంత అని. పిల్ల "దీనికి సి భాష జవాబు చెప్పదు" అని రాసింది. మార్కు సున్నా. ఆ పిల్ల రాసిందే నిజం. ఒకే వాక్యంలో ఒకే ఇంటి సరుకును రెండుసార్లు మార్చమంటున్నాం, ఏది ముందో చెప్పడం లేదు. ఒకే గుమ్మానికి ఇద్దరు పోస్ట్‌మ్యాన్లను ఒకేసారి పంపి, ఎవరు ముందు సంతకం తీసుకున్నారని అడిగినట్టు. భాషా ప్రమాణం దీన్ని నిర్వచించలేదు. ఒక కంపైలరు ఒకటి చెప్పవచ్చు, ఇంకోటి ఇంకోటి చెప్పవచ్చు, దేన్నీ తప్పనలేం. ఒక జవాబు వచ్చింది కదా అని అదే రైటని దిద్దితే, రైటు రాసిన పిల్లకు సున్నా వస్తుంది. నేను వెళ్లి మాట్లాడతానన్నాను. "వద్దు తాతా, ల్యాబులో చూసుకుంటాను" అంది. బ్రాంచి మార్చే మాట అప్పటికే మానేసింది. అది చాలని ఊరుకున్నాను.

సరే, ఆమెకు నేర్పబోయి నాకు మోజు పట్టింది. మన సభ్యుల జాబితా చీటీలు నేనే ప్రోగ్రాం రాసి తీస్తానన్నాను. "ఎక్సెల్‌లో అయిపోద్ది కదండీ" అని కార్యదర్శిగారు అన్నారు. ఆయన మాట వినాల్సింది. డెబ్భై దాటాక వచ్చిన గర్వం అంత త్వరగా దిగదు.

మన సభ్యులు 143 మంది. ఒక్కొక్కరికి పేరుకు 40 బైట్లు, డోరు నంబరుకు 20, రిటైరైన సంవత్సరానికి 4, మొత్తం 64 బైట్ల ఇల్లు. రిటైరైన వరసలో ముందువాళ్లు ముందు. రాసేటప్పుడు సరిచూసుకోవడానికి సున్నా స్థానంలో ఒక ఉత్తుత్తి పేరు పెట్టాను. అందుకని మొత్తం 144 ఇళ్లు. చీటీలు తీసేటప్పుడు ఆ ఉత్తుత్తి పేరు రాకూడదు కదా, కాబట్టి "*++పి" అని రాశాను. జరిగి చూడు. ఆ ఏర్పాటుకు అదే సరి. మూడుసార్లు ప్రయత్నించాను, చీటీలు ముత్యాల్లా వచ్చాయి.

అసలు రోజు ఉదయం, ఆ ఉత్తుత్తి పేరు ఎందుకు ఉండాలని తీసేశాను. అందరూ ఒక ఇల్లు ముందుకు జరిగారు. ఆఖరి ఇల్లు ఖాళీ అయింది. జరిగి చూడమన్న ఆదేశం మాత్రం అలాగే ఉంది.

ప్రోగ్రాం 143 సార్లు తిరిగింది. మొదటిసారే మొదటి మనిషిని దాటి రెండో మనిషి దగ్గర తలుపు తీసింది. 143వసారి ఖాళీ ఇంటి తలుపు తీసి, దానికీ ఒక చీటీ ఇచ్చింది. పేరు లేదు. డోరు నంబరు లేదు. రిటైరైన సంవత్సరం: 0. నేను చీటీలు లెక్కపెట్టాను. 143. సభ్యులు 143. సరిపోయింది. ఆ ఖాళీ చీటీ చూశాను కూడా. ప్రింటరు ఒక కాగితం వదిలేసిందనుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. వెనక తెల్లగా ఉంటే మందుల జాబితా రాసుకున్నాను. లెక్క కుదిరితే బట్వాడా కుదిరినట్టేనా? ఉత్తరాలు ఎన్ని తీసుకెళ్లామో అన్నీ అయిపోయి, ఒక ఇంటికి అందకపోవడం మన సర్వీసులో ఎన్నిసార్లు చూడలేదు!

నేను 144 ఇళ్లు కట్టి ఉంచకపోతే ఇంకోలా ఉండేది. వరస దాటిన తరవాత ఏముందో సి భాష చూడదు, ఆపదు. ఆఖరి ఇల్లు దాటి వీధి చివర నిలబడే వరకు భాష ఒప్పుకుంటుంది, అక్కడ తలుపు తియ్యడానికి ఒప్పుకోదు. ఒప్పుకోదంటే అడ్డుకుంటుందని కాదు, తరవాత జరిగేదానికి హామీ ఉండదని. 1988 నవంబరు 2న మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాం అమెరికాలో వేల కంప్యూటర్లను కుదేలు చేసింది. అది చొరబడిన దారుల్లో ఒకటి ఇలాంటిదే. 512 బైట్ల గదిలోకి 536 బైట్లు తోస్తే, పొర్లినవి పక్కనున్న, పని అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే అడ్రసు మీద పడ్డాయి. వచ్చే సరుకు కొలవకుండా గదిలో పోసే "గెట్స్" అనే ఆ సదుపాయాన్ని 2011 నాటి సి ప్రమాణంలో తీసేశారు. 2014లో హార్ట్‌బ్లీడ్ అని ఇంకో గొడవ. అక్కడ అడిగినవాడి మాట నమ్మి, వరస దాటి పక్క గదుల్లో ఉన్నది కూడా చదివి ఇచ్చేశారు. వాటి ముందు మన చీటీల సంగతి ఎంత? నిజమే. కానీ నా ప్రోగ్రాం చెత్త అక్షరాలేవో ముద్రించి ఉంటే నాకు అనుమానం వచ్చేది. ఖాళీగా, మర్యాదగా వచ్చింది కాబట్టి రాలేదు.

చీటీ అందని మనిషి ఎవరు? రిటైరైన వరసలో మొదటి పేరు. 1991లో రిటైరైనవారు. గవరపాలెంలో నాకు బీటు నేర్పిన పెద్దాయన.

ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. మంచం దిగలేని వాళ్లకు పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి డిజిటల్‌గా చేసి వెళ్లే వీలు 2020 నుంచీ ఉంది. ఆ చీటీలో ఉన్నది ఈ రెండు సంగతులే. కొడుకు ఊళ్లో లేడు. కోడలికి ఈ నవంబరు లెక్క తెలియదు, ఏటా మన చీటీ చూసే చేయించేది. డిసెంబరు పెన్షను పడలేదు. జనవరి మొదటి వారంలో మందులషాపు దగ్గర ఆమె కనిపించి, "మావయ్యగారి పెన్షను రాలేదండీ, ఎవరినడగాలి" అంది. నా జేబులో అప్పటికీ ఆ ఖాళీ చీటీ ఉంది, మందుల జాబితాతో. తీసి తిరగేసి చూశాను. రిటైరైన సంవత్సరం: 0. అక్కడే నిలబడి మొత్తం అర్థమైంది.

ఆ మర్నాడే పోస్ట్‌మ్యాన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. పని పది నిమిషాల్లో అయిపోయింది. పెన్షను తరవాతి నెలలో బకాయితో సహా పడింది. డబ్బు విషయం అక్కడితో తీరింది. ఆయన అన్న మాట మాత్రం తీరలేదు. నేను ప్లస్సులు, అడ్రసులు అని ఏదో చెప్పబోతుంటే ఆపి, "అది కాదురా, మూడేళ్లయింది మీటింగులకు రాక. అందుకని నా పేరు కొట్టేశారనుకున్నాను. పోన్లే, కొత్తవాళ్లు వస్తారు కదా అనుకున్నాను" అన్నారు. కోపం లేదు ఆయనకు. అడగడానికి మొహమాటపడి, రెండు నెలలు అలా అనుకుంటూ పడుకున్నారు.

నేను ఆయన మంచం పక్కన కాగితం మీద రాసి చూపించాను. ఇదిగో, ఇక్కడ ప్లస్సులు ముందు పెట్టాను, అంటే అడుగేసి చదివానన్నమాట, అని. ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "నీకు మొదటిరోజే చెప్పానుగా" అన్నారు.

ఈ ఏడు ప్రోగ్రాం మార్చాను. మా మనవరాలు చూసి, "ఈ ప్లస్సుల విన్యాసాలెందుకు తాతా, సున్నా నుంచి 142 దాకా లెక్కపెట్టుకుంటూ వెళ్లు, చదివేవాడికీ తెలుస్తుంది" అంది. అలాగే చేశాను. పొట్టిగా లేదు. అయినా ఎవరికి మాటకింత కడుతున్నాం ఇప్పుడు? తీసిన చీటీల్లో మొదటిదీ చివరిదీ పేర్లతో సరిచూశాను, లెక్క ఆ తరవాతే పెట్టాను.

చీటీలు ఆ తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు వెళ్లేముందు ఎవరిది వారు తీసుకోండి. రాలేనివారివి వారి వీధిలో ఉన్నవాళ్లు పట్టుకెళ్లండి. మొదటి చీటీ అక్కడ కనపడదు, వెతకొద్దు. అది నిన్న సాయంత్రం నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను. గుమ్మంలో నిలబడి, పేరు చదివి మరీ ఇచ్చాను.